హెంప్ బ్రీడింగ్‌లో ఏ వాసన వెంట పడాలి, దేన్ని వదిలేయాలి

రెండు హెంప్ (గంజాయి జాతి మొక్క) పూల ల్యాబ్ రిపోర్టులు పక్కపక్కన ఉన్నాయనుకోండి. రెండింట్లోనూ మిర్సీన్ 0.6 శాతం, లిమొనీన్ 0.5, బీటా కారియోఫిల్లీన్ 0.4. కాగితం మీద కవల పిల్లలే. సీసాల మూతలు తీస్తే మాత్రం ఒకటి దంచిన వెల్లుల్లిలా గుప్పుమంటుంది, రెండోది మాగిన జామపండులా ఉంటుంది. రిపోర్టులో తప్పేమీ లేదు. ఈ రెండు పూలనూ విడదీసే పదార్థాల్ని ఆ ల్యాబు కొలవలేదు, అంతే. 2023లో ఏసీఎస్ ఒమేగా పత్రికలో వచ్చిన అధ్యయనం ఇదే తేల్చింది: టెర్పీన్ల (మిర్సీన్ లాంటి సుగంధ తైల పదార్థాల) లెక్క దాదాపు ఒకేలా ఉన్న నమూనాల మధ్య వాసన తేడా తెచ్చేది టెర్పీన్లు కాని చిల్లర పదార్థాలు. గంధకం ఉన్న థయాళ్లు, ఇండోల్ జాతి, ఎస్టర్లు ఆ కోవలోవి.

అందుకే టెర్పీన్ రిపోర్టు చూసి తల్లి, తండ్రి మొక్కల్ని ఎంచుకునే బ్రీడరు సగం సార్లు బోల్తా పడతాడు. అలాగని చిల్లర వాసనలన్నిటి వెంటా ఒకేసారి పరుగెత్తడమూ కుదరదు. ఒక్కోదానికి కొలత వేరు, నిలవ వేరు, కావలసిన మొక్కల సంఖ్య వేరు. ఏది ఎంచుకోవాలన్నది రెండు ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుంది. మీ దగ్గరున్న పరికరం దాన్ని పట్టుకోగలదా? కొనేవాడు మూత తీసే రోజు దాకా అది పువ్వులో మిగిలి ఉంటుందా?

చట్టం సంగతి ముందే చెప్పుకోవాలి. ఇది లైసెన్సు ఉన్నచోట పనిచేసేవాళ్ల కోసం: 2018 అక్టోబరు 17 నుంచి కెనడాలో, అనుమతి ఉన్న అమెరికా రాష్ట్రాల్లో, యూరప్ హెంప్ తోటల్లో, ఆ ల్యాబుల్లో ఉద్యోగాలు చేస్తున్న మన కెమిస్టుల కోసం. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 20వ సెక్షన్ కింద అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచితే పదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఉత్తరాఖండ్ 2018లో టీహెచ్‌సీ (మత్తునిచ్చే పదార్థం) 0.3 శాతం దాటని హెంప్‌కు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆంధ్ర, తెలంగాణ రైతులు మాత్రం దీన్ని సాగు సలహాగా తీసుకోకూడదు. ఇంకో సంగతి, హెంప్ అంటే పచ్చిరొట్టకు చల్లే జనుము కాదు. ఆ జనుము చిక్కుడు కుటుంబానిది. హెంప్ అంటే కనాబిస్ సటైవానే. బీరులో వేసే హాప్స్ దీనికి దాయాది, రెండూ కనాబేసీ కుటుంబమే. ఈ చుట్టరికం కింద పనికొస్తుంది.

ఉడుము కంపు కాదు, స్కంక్ కంపు

పాతకాలపు స్కంక్ రకాల ఘాటుకి అసలు కారణం 3-మిథైల్-2-బ్యూటీన్-1-థయాల్. పొట్టిగా ప్రెనైల్ థయాల్ అంటారు. స్కంక్ అనేది అమెరికాలో తిరిగే, కంపు చిమ్మే చిన్న జంతువు. 2021లో అదే ఏసీఎస్ ఒమేగాలో వచ్చిన పరిశోధన ఈ పదార్థాన్నీ దాని బంధువుల్నీ గంజాయి పూలలో గుర్తించింది. వీటి నిర్మాణం వెల్లుల్లి గంధక పదార్థాలకు దగ్గరగా ఉందని కూడా చూపించింది. ఎండలో పెట్టిన బీరు సీసాలో వచ్చే కంపూ ఈ పదార్థానిదే. అక్కడ హాప్స్ చేదు పదార్థం వెలుతురుకి విరిగి, గంధకంతో కలిసి ఇది పుడుతుంది. బీరుని గోధుమరంగు సీసాల్లో పోసేది అందుకే. లీటరుకి కొన్ని నానోగ్రాములుంటే చాలు, ముక్కు పట్టేస్తుంది.

బ్రీడరుకి ఇక్కడే చిక్కు. పూత చివరి వారాల్లో ఇది గబగబా పెరుగుతుంది, క్యూరింగ్‌లో (ఆరిన పూలను మూసి పదును పెట్టే దశలో) అత్యధికానికి చేరుతుంది, ఆ తర్వాత ఒక్క వారం నిల్వలోనే బాగా పడిపోతుంది. 2021 అధ్యయనం చూపిన క్రమం ఇది. దీన్నిబట్టి ఐదో వారంలో పువ్వు వాసన చూసి 'ఇందులో స్కంక్ లేదు' అని మొక్కను పీకేస్తే మంచి మొక్కే పోవచ్చు. క్యూరింగ్ నాటి ఘాటు చూసి మురిసిపోతే, నెలన్నర తర్వాత దుకాణంలో మూత తీసినవాడికి ఉత్త మిర్సీన్ తగులుతుంది. కోసిన రెండు మూడు వారాల్లో సరుకు అమ్ముడుపోయే చిన్న తోటకి ప్రెనైల్ థయాల్ గట్టి గురి. పెట్టెలకెక్కి, గోదాముల్లో నెలల తరబడి పడుండే సరుక్కి దీని మీద ఏళ్లు ధారపోయడం డబ్బు దండగ.

జామ, పాషన్ ఫ్రూట్ థయాళ్లు

ఇవీ గంధకం పదార్థాలే గాని వేరే తీగ. 3-మెర్కాప్టోహెక్సనాల్, దాని ఎసిటేటు. జామపండు, గ్రేప్‌ఫ్రూట్, పాషన్ ఫ్రూట్, సోవిన్యోఁ బ్లాఁ వైను పరిమళంలో ఇవి ఉంటాయి. 2023 అధ్యయనం జరిగింది ఐస్ హ్యాష్ రోజిన్ (మంచునీళ్లతో పూల జిగురు రాల్చి, దాన్ని వేడిగా నొక్కి తీసిన సారం) నమూనాల మీద. పండ్ల వాసన వచ్చిన నమూనాల్లో ఈ జాతి థయాళ్లు బయటపడ్డాయి.

ఇక్కడ దాయాది దగ్గర నేర్చుకోవచ్చు. హాప్స్ బ్రీడర్లు సిట్రా, నెల్సన్ సోవాఁ లాంటి రకాలతో థయాళ్ల పరిమళాన్ని పెద్ద వ్యాపారంగా మార్చారు. వైనువాళ్లకూ వీటిని కొలవడం, గాలి తగలకుండా కాపాడటం పాత విద్యే. ఆక్సిజన్ తగిలితే థయాళ్లు జంట కట్టి డైసల్ఫైడ్‌లవుతాయి, అప్పుడు పండు వాసన మాయం. రాగి తగిలినా అంతే, థయాల్ వెళ్లి రాగికి అతుక్కుంటుంది. కాబట్టి ప్రాసెసింగ్‌లో ఇత్తడి వాల్వులు, రాగి గొట్టాలు ఉన్న యంత్రంతో నమూనా తీసి 'ఈ మొక్కలో ఏమీ లేదు' అనుకోకండి. స్టెయిన్‌లెస్ స్టీలు, గాజు మాత్రమే వాడండి.

రోజిన్, హ్యాష్ అమ్మేవాళ్లకు ఈ థయాళ్లే మొదటి ఎంపిక కావాలన్నది మా అభిప్రాయం. ఆ సరుకు చల్లగా, మూత బిగించి, చిన్న సీసాల్లో కదులుతుంది. ధర కూడా పండు వాసనకే పలుకుతుంది.

మల్లెలో ఉన్నదే: ఇండోల్, స్కాటోల్

మల్లెపూలు సాయంత్రం గుబాళిస్తాయి, అవే మర్నాటికి గదిలో వాడి కాస్త ముతక వాసన వేస్తాయి. ఆ గుబాళింపులోనూ, ఆ ముతకదనంలోనూ ఇండోల్ చేయి ఉంది. స్కాటోల్ దాని అన్న. అతి కొద్దిగా ఉంటే పూల వాసన, ఎక్కువైతే పేడ వాసన. పండ్ల తీపి కాకుండా ఉప్పగా, రసాయనంలా, వేపుడు మసాలాలా ఉందనిపించే రకాలకు స్కాటోల్ కారణమని 2023 అధ్యయనం చెప్పింది.

వీటికి ఒక సుగుణం ఉంది. మిర్సీన్ 167 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది, ఇండోల్ 250 దాటాలి. ఇవి గబుక్కున ఎగిరిపోవు. నిల్వలో మోనోటెర్పీన్లు (మిర్సీన్ లాంటి తేలికపాటి టెర్పీన్లు) తగ్గేకొద్దీ ఇవే పైకి తేలతాయి. అదే వీటి గుణం, అదే వీటి దోషం: కోత రోజున సరదాగా ఉన్న మొక్క మూడు నెలలకు పశువులపాక గుర్తు తేవచ్చు. దీన్ని ఎంచుకునేవాళ్లు పరీక్ష నమూనాని కనీసం 60 రోజులు నిల్వ చేసి చూశాకే తీర్పు చెప్పాలి.

ఎస్టర్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆపిల్, అనాస వాసనలు ఇచ్చే చిన్న ఎస్టర్లు ఉన్నా, తేమ, పక్వత, ఎండబెట్టిన తీరు మారితే ఇవీ మారిపోతాయి. వంశపారంపర్యం ఎంత, గది గాలి ఎంత అని విడదీయడానికే ఒక సీజను పోతుంది. మొదటి గురిగా వద్దు.

చిన్న టెర్పీన్లు: బోర్ కొట్టే ఎంపిక, నమ్మదగిన ఎంపిక

టెర్పినోలీన్, ఓసిమీన్, త్రీ-కేరీన్, నెరోలిడాల్, లినలూల్. వీటికి మామూలు జీసీ-ఎఫ్‌ఐడీ యంత్రం (ఆవిరయ్యే పదార్థాల్ని విడదీసి కొలిచేది) చాలు, ఏ ల్యాబైనా చేస్తుంది. ఓసిమీన్ ఆల్ఫాన్సో మామిడి పరిమళంలో ముఖ్యమైనది. లినలూల్ మన ధనియాల్లోనిది. టెర్పినోలీన్ చెక్క వాసన, పచ్చి వాసన కలిసినట్టుంటుంది. టెర్పినోలీన్ ఎక్కువున్న మొక్కల్లో త్రీ-కేరీన్, ఆల్ఫా ఫెలాండ్రీన్ కూడా వెంట వస్తాయి. ఈ గుంపు ఉందంటే ఆ మొక్క వేరే వంశమని క్రోమటోగ్రామ్ (ఆ యంత్రం గీసే గ్రాఫు) చూడగానే తెలిసిపోతుంది. బ్రీడరుకి ఇంతకంటే కావలసింది ఏముంది?

జాగ్రత్త ఒకటే. కొన్ని టెర్పీన్లు జంటగా పుడతాయి. బీటా కారియోఫిల్లీన్, ఆల్ఫా హ్యూములీన్ రెండింటినీ ఒకే ఎంజైము తయారు చేస్తుంది. కాబట్టి మిరియాల ఘాటు తగ్గించి హ్యూములీన్ మాత్రం పెంచుతానంటే పది తరాలైనా కుదరదు. ఆల్ఫా, బీటా పైనీన్లూ చాలావరకు కలిసే నడుస్తాయి. విడదీయలేని జంటని విడదీయడానికి మడులు కేటాయించకండి. ఇంకోటి, మోనోటెర్పీన్లకూ టీహెచ్‌సీ, సీబీడీలకు మూలమైన సీబీజీఏకూ ముడిసరుకు ఒకటే, జెరనైల్ డైఫాస్ఫేట్. ఆ గిన్నెలోంచే ఇద్దరూ వడ్డించుకోవాలి.

ఎన్ని మొక్కలు కావాలి

కనాబిస్‌కి 20 క్రోమోజోములు. బొప్పాయిలా ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. పరాగసంపర్కం గాలితో. ఒక విత్తనం పోలిన ఇంకో విత్తనం దొరకదు. టెర్పీన్లు తయారు చేసే జన్యువులు డజన్లలో ఉన్నాయి.

మీరు కోరిన వాసన ఒక అంతర్గత జన్యువు (తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడేది) వల్ల వస్తుందనుకుందాం. రెండో తరంలో, అంటే ఎఫ్2లో, నాలుగింట ఒక మొక్కకి వస్తుంది. సగం మగవి కాబట్టి ఆ వాసనున్న ఆడ మొక్క దొరికే అవకాశం ఎనిమిదింట ఒకటి. 95 శాతం నమ్మకంతో కనీసం ఒక్కటైనా దొరకాలంటే 23 విత్తనాలు వేయాలి. రెండు జన్యువులు కలిస్తేనే వచ్చేదైతే 95 విత్తనాలు. మూడైతే 382. ఇది దొరికే ఒక్క మొక్క లెక్క. దొరికినది బలంగా, బూజు పట్టకుండా, దిగుబడితో కూడా ఉండాలంటే ఈ అంకెల్ని మూడు నాలుగు రెట్లు చేసుకోండి. మూడు వాసనల వెంట ఒకేసారి పడొద్దనేది అందుకే. అరెకరం గ్రీన్‌హౌస్ కూడా ఇరుకైపోతుంది.

మగ మొక్క దగ్గర ఇంకో తంటా. ఆడపువ్వులో వచ్చే వాసన దానికి ఉండదు. కాండం గీరి వాసన చూసి ఎంచుకునే అలవాటు చాలామందికి ఉంది, థయాళ్ల విషయంలో అది గుడ్డెద్దు చేలో పడ్డట్టే. నమ్మదగిన దారులు రెండు. మగదాన్ని మూడు నాలుగు తెలిసిన ఆడ మొక్కలకు కలిపి పిల్లల్ని చూసి తీర్పివ్వడం ఒకటి, దీనికి ఒక సీజను ఎక్కువ. లేదా వాసన తెలిసిన ఆడ మొక్క మీద సిల్వర్ థయోసల్ఫేట్ పిచికారీ చేసి మగపూలు రప్పించి, ఆ పుప్పొడి వాడటం. రెండోది తొందరగా అవుతుంది, పిల్లలన్నీ ఆడవే కాబట్టి పైన చెప్పిన 23 కాస్తా 11 అవుతుంది, 95 కాస్తా 47. పిచికారీ చేసిన మొక్కని వాసన పరీక్షకి వాడకండి, ఎవరూ తినకుండా, కాల్చకుండా నాశనం చేయండి. వెండి అందులో మిగులుతుంది.

కొలిచే సాధనం ఏది

ముక్కు, మామూలు జీసీ, గంధకం డిటెక్టరు: ఈ మూడింట్లో మీకు ఏది అందుబాటులో ఉందో దాన్నిబట్టే గురి తేలుతుంది.

ముక్కు చవకది, థయాళ్లకి చాలా యంత్రాలకంటే చురుకైనది. కానీ ఒక్కడి ముక్కుని నమ్మొద్దు. త్రికోణ పరీక్ష పెట్టండి. మూడు మూసిన గాజు సీసాలు, రెండింట్లో ఒకే మొక్క పువ్వు, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. 12 మంది చేస్తే కనీసం 8 మంది సరిగ్గా చెప్పాలి, 24 మందైతే 13 మంది. అంతకంటే తక్కువైతే తేడా ఉందని చెప్పలేం. సీసాలు ఒకే బరువుతో, అరగంట గది ఉష్ణోగ్రతలో ఉంచాకే ఇవ్వండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకీ బయటున్న సీసాకీ తేడా ఎవరైనా చెప్పేస్తారు.

యంత్రం లేకుండా, వచ్చే వాసన థయాల్‌దేనా అని తెలుసుకునే చిట్కా వైనువాళ్ల దగ్గరుంది. మన రైతులు బోర్డో మిశ్రమంలో కలిపే మైలతుత్తమే (కాపర్ సల్ఫేట్, అంటే రాగి లవణం) మందు. ఒక గ్రాము పువ్వుని చిదిపి 100 మిల్లీలీటర్ల 12 శాతం ఇథనాల్ నీళ్లలో పావుగంట నానబెట్టి వడకట్టండి. రెండు గ్లాసుల్లో సగం సగం పోయండి. ఒకదాంట్లో 1 శాతం మైలతుత్తం ద్రావణం 1 మిల్లీలీటరు, రెండోదాంట్లో అంతే నీళ్లు. మూత పెట్టి పది నిమిషాలు ఆగి రెండూ వాసన చూడండి. రాగి పడ్డ గ్లాసులో స్కంక్ ఘాటో జామ వాసనో పోయి, నిమ్మ, మిరియాల వాసన మాత్రం మిగిలితే పోయినది థయాల్. వాసన మారకపోతే ఇండోల్, ఎస్టరు, టెర్పీన్ల వైపు వెతకండి. అప్పటికే డైసల్ఫైడ్‌గా మారిన గంధకాన్ని రాగి పట్టుకోదు, కాబట్టి పాత సరుకు మీద ఈ పరీక్ష చేసి లాభం లేదు. ఆ గ్లాసు నోట్లో పెట్టుకోకూడదని వేరే చెప్పాలా.

జీసీ-ఎఫ్‌ఐడీ టెర్పీన్లకి బాగా పనికొస్తుంది. థయాళ్ల విషయంలో గుడ్డిది. అవి శాతంలో లక్షో వంతు స్థాయిలో ఉండి మిర్సీన్ కొండ నీడలో కనబడవు. వాటికి గంధకానికే స్పందించే డిటెక్టరు కావాలి, 2021 అధ్యయనం గంధక కెమిల్యుమినిసెన్స్ డిటెక్టరు వాడింది. నమూనా ఇచ్చే ముందు ల్యాబుని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. రెండో ప్రశ్న, నమూనాని ఎంత వేడి చేస్తారు? 80 డిగ్రీలకు వేడి చేసిన సీసాలో కొత్త వాసనలు పుడతాయి. 40 డిగ్రీల దగ్గర ఆపమనండి. ఇంకొక ఉచ్చు: బూజు మందుగా గంధకం పొగ వేసిన గదిలోని మొక్కల్ని ఈ పరీక్షకి పంపితే, మిగిలిన గంధకమే పెద్ద శిఖరంగా కూర్చుని అంతా పాడుచేస్తుంది.

ఎండబెట్టడంలో, నిల్వలో సగం పోతుంది

మిసిసిపీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1996లో ప్రచురించిన కొలతల్లో, తాజా పూలలో 0.29 శాతం ఉన్న సుగంధ తైలం గది ఉష్ణోగ్రతలో వారం తర్వాత 0.20కి, మూడు నెలలకు 0.13కి దిగింది. ముందు పోయేవి మోనోటెర్పీన్లే. అందుకే ఒక మొక్కని సోమవారం, ఇంకోదాన్ని పదిరోజుల తర్వాత కొలిచి పోల్చడం మొక్కల్ని పోల్చినట్టు కాదు, తేదీల్ని పోల్చినట్టు.

అన్నిటికీ ఒకే నియమం పెట్టుకోండి. 15 నుంచి 18 డిగ్రీలు, 55 నుంచి 60 శాతం తేమ, 10 నుంచి 14 రోజుల ఆరబెట్టడం. పువ్వు నీటి చర్య (వాటర్ యాక్టివిటీ, పువ్వులో విడిగా ఉన్న తేమ కొలత) 0.55 నుంచి 0.65 మధ్యకి వచ్చాక సీసాకెక్కించండి. ఆ రోజుని సున్నాగా పెట్టుకుని 0, 7, 30, 60 రోజుల్లో కొలవండి. ఒక మొక్కకి ఒక్క నమూనా చాలదు. పై పూలూ కింది పూలూ ఒకే మాట చెప్పవు కాబట్టి ఎప్పుడూ ఒకే ఎత్తు నుంచి తీయండి. ఆల్ఫా టెర్పినీన్, గామా టెర్పినీన్ ఉన్న రకాల్లో పారా సైమీన్ పెరుగుతూ పోతే ఆ సీసాలోకి గాలి వెళ్తోందని అర్థం. మొక్క మీద నింద వేసే ముందు మూత చూడండి.

ఎవరికి ఏది

మొదటి సీజను, మామూలు జీసీ, వంద లోపు మొక్కలు: టెర్పినోలీనో ఓసిమీనో పట్టుకోండి. రెండు సీజన్లకి చేతికి ఒక గట్టి వంశం వస్తుంది.

రోజిన్ చేసేవాళ్లు, గంధకం డిటెక్టరు ఉన్న ల్యాబుతో ఒప్పందం ఉన్నవాళ్లు జామ జాతి థయాళ్లకి వెళ్లండి. మైలతుత్తం పరీక్షతో ముందే వడపోస్తే ల్యాబు బిల్లు చాలా తగ్గుతుంది. తాజా సరుకు దగ్గర్లోనే అమ్ముకునేవాళ్లకి ప్రెనైల్ థయాల్. ఇండోల్ జాతిని ఒంటరిగా కాక పండు వాసన వంశంలోకి వెన్నెముకలా తెచ్చుకుంటే మంచిది, రెండు నెలల నిల్వ పరీక్ష తప్పించకుండా. నార హెంప్, గింజల హెంప్ పెంచేవాళ్లు ఈ జాబితా అంతా వదిలేయొచ్చు. వాళ్లకి వాసన తక్కువైతేనే ఇరుగుపొరుగుతో గొడవ తక్కువ.

దేన్ని ఎంచుకున్నా, వాసన తేలేది కోత తర్వాతే. అప్పటికి ఆ మొక్కని కోసేసి ఉంటారు. అందుకే పూత మొదలవకముందే ప్రతి మొక్క నుంచీ రెండు కొమ్మలు తీసి వేరు పట్టించి, 18 గంటల వెలుతురులో విడిగా ఉంచాలి. ఒకటి చచ్చినా ఇంకోటి ఉంటుంది. ట్యాగు కొమ్మకి కట్టడంతో పాటు కుండీకి కూడా రాయండి. నీళ్లకి చెరిగే పెన్ను కాక పెన్సిలు వాడండి.